చెన్నపట్నం నుంచి ఆఫ్రికాకు: మధ్యలో ఎక్కడ మారాలి?

ఈసారి కూడా పోస్టు కొంచెం పొడవే. వీలు చూసుకుని చదవండి. ఆదివారం సమావేశానికి వచ్చేలోపు చదివితే ఇంకా మంచిది.

ఆఫ్రికా సఫారీకి వెళ్దామని మన సంఘంలో మొదలైన మాట ఇప్పుడు గట్టిపడింది. పద్దెనిమిది మంది పేర్లిచ్చారు. వాళ్ళలో ఏడుగురు అరవై దాటినవాళ్ళు. కెన్యా అన్నదాని మీద గొడవ లేదు, సింహాలు చూడాలన్నదాని మీద అసలే లేదు. గొడవంతా టికెట్ల దగ్గరే. ఎవరి టికెట్ వాళ్ళు చౌకగా దొరికిన చోట కొనుక్కుని నైరోబీలో కలుద్దామని కొందరు. తిరువొత్తియూరులో బయల్దేరిన దగ్గర్నుంచి మళ్ళీ ఇంటికి చేరేదాకా అందరం ఒకే బుకింగ్ మీద ఉండాలని కొందరు.

నేను రెండో పక్షం. ఎందుకో చెప్పడానికి కాస్త చరిత్ర చెప్పాలి. చెన్నపట్నం నుంచి ఆఫ్రికాకు మనవాళ్ళు నూట అరవై ఏళ్ళకు పైగా ప్రయాణం చేస్తున్నారు. ఆ దారి ఏ కాలంలోనూ మనకోసం వేసింది కాదు. ఒకసారి చెరకు కోసం వేశారు, ఒకసారి రైలు పట్టాల కోసం, ఒకసారి తపాలా సంచుల కోసం. మనం ఆ దారిలో చోటు దొరికించుకుని వెళ్ళినవాళ్ళం. అందుకే మనవాళ్ళు ఇబ్బంది పడ్డ చోట్లు ఎప్పుడూ రెండే: ఒకటి మధ్యలో మారే ఊరు, రెండోది తిరుగు ప్రయాణం.

1. ఎక్కడా మారకుండా వెళ్ళిన ఓడ

చిత్రం ఏమిటంటే, మనకు తెలిసిన మొదటి పెద్ద ప్రయాణంలో మధ్యలో మారడం అన్నదే లేదు. 1860 అక్టోబరులో 'ట్రూరో' అనే తెరచాప ఓడ మద్రాసు నుంచి బయల్దేరి, నెల దాటి సముద్రంలో నడిచి, నవంబరు 16న నేటాల్‌లోని డర్బన్ చేరింది. అందులో 342 మంది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్ళిన కూలీలు, వాళ్ళ కుటుంబాలు.

అప్పటికి మద్రాసుకు హార్బరు లేదు. మనం ఈరోజు కాసిమేడు దాటి వెళ్తూ చూసే గోడలు, క్రేన్లు ఏవీ లేవు. రేవు పని మొదలైందే 1870లలో. ఓడలు దూరంగా లంగరు వేసేవి. మనుషులనైనా మూటలనైనా మసూలా పడవల్లో ఎక్కించి, అలల మీదుగా తీసుకెళ్ళి ఓడకు అందించేవాళ్ళు. మేకు కొట్టకుండా, పలకలను తాళ్ళతో కుట్టి చేసిన పడవలవి. ఊరు విడిచి ఎరగనివాళ్ళకు ఆఫ్రికా ప్రయాణంలో మొదటి భయం ఈ ఒడ్డునే మొదలై ఉంటుంది.

1860 నుంచి 1911 వరకు ఇలా నేటాల్‌కు వెళ్ళినవాళ్ళు సుమారు 1,52,000 మంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే. తమిళులు, తెలుగువాళ్ళు కలిసే ఎక్కారు. విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల ఊళ్ళ పేర్లు ఆ ఓడల జాబితాల్లో కనిపిస్తాయి. ఒక్కొక్కరికీ ఒక నంబరు. ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. మన ఇళ్ళలో ముత్తాత పేరు దాటి చెప్పగలిగినవాళ్ళు తక్కువ. కానీ డర్బన్‌లో ఒక తెలుగు కుటుంబం ఆ జాబితా తీసి, 1880లలో తమవాళ్ళు ఏ తాలూకా నుంచి వచ్చారో చూపించగలదు.

మారిషస్ కథ ఇంకా ముందుది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలు వెళ్ళడం వల్ల అక్కడ తెలుగువాళ్ళను 'కొరింగీలు' అనేవాళ్ళు. అది వేరే పోస్టుకు సరిపడే కథ, ఇక్కడ ఆపుతాను.

2. తిరుగు ప్రయాణం అనే మాట

ఒప్పందంలో తిరుగు ప్రయాణం ఉంది. కాలనీలో పదేళ్ళు ఉంటే ఉచితంగా ఓడ ఎక్కించి మద్రాసుకు పంపాలి. 1871లో అలా తిరిగొచ్చిన మొదటి జట్టు మద్రాసులో దిగి చెప్పిన మాటలు అధికారులను కదిలించాయి. జీతాలు సరిగా ఇవ్వలేదని, కొట్టారని, జబ్బు చేసినా పని చేయించారని ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదుల మీద నేటాల్‌లో 1872లో విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. కూలీలను పంపడం 1874 దాకా మళ్ళీ మొదలవలేదు. అంటే ఈ దారిలో ఏం జరుగుతోందో లోకానికి తెలిసింది, తిరిగొచ్చినవాళ్ళు ఉన్నందువల్లే.

తర్వాత నేటాల్ ప్రభుత్వం తిరుగు ప్రయాణాన్నే ఆయుధం చేసుకుంది. 1895లో చట్టం తెచ్చింది. ఒప్పందం ముగిసినవాడు మళ్ళీ ఒప్పందం రాసి తోటకు పోవాలి, లేదా ఇండియాకు తిరిగిపోవాలి. ఈ రెండూ కాకుండా స్వేచ్ఛగా అక్కడే బతకాలంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలి. కూలీకి మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. లెక్క వేయండి: మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, ఆరు నెలల జీతం. 1903లో ఆ పన్నును పదహారు దాటిన మగపిల్లలకు, పదమూడు దాటిన ఆడపిల్లలకు కూడా అంటగట్టారు.

సఫారీ గురించి రాస్తూ ఇదంతా ఎందుకంటారా? అదే 1895లో, ఆ చెరకు తోటలకు ఉత్తరాన జులూలాండ్‌లో, హ్లుహ్లువే, ఉమ్ఫోలోజి అడవులను జంతువుల కోసం కాపాడాలని ప్రకటించారు. ఆఫ్రికాలో అతి పాత రక్షిత వనాల్లో అదొకటి. వేటాడి వేటాడి దాదాపు తుడిచిపెట్టుకుపోయిన తెల్ల ఖడ్గమృగాలు మళ్ళీ పెరిగింది అక్కడే. ఆ పని మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ ఒక్క ఏడాదిలోనే ఒకవైపు ఖడ్గమృగానికి ఉండే చోటు రాసిచ్చారు, ఇంకొకవైపు చెరకు నాటిన మనిషిని వెళ్ళగొట్టడానికి పన్ను రాశారు. దక్షిణాఫ్రికా సఫారీకి వెళ్ళేవాళ్ళు ఈ రెండూ కలిపి గుర్తుపెట్టుకోవాలి.

ఈ పన్ను సంగతి మన ఊళ్ళో వినిపించింది కూడా. 1896 అక్టోబరు 26న గాంధీ గారు మద్రాసు పచ్చయప్ప హాలులో నేటాల్ భారతీయుల కష్టాల మీద మాట్లాడారు. ఎస్ప్లనేడులో, అంటే ఈనాటి ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో ఉందా హాలు. ప్యారీస్ కార్నర్‌కు వెళ్ళినప్పుడు ఒక్కసారి అటు చూడండి. 1913లో పెద్ద సమ్మె జరిగి, 1914లో ఆ పన్ను రద్దయింది. అంతకుముందే, 1911లో, ఇండియా ప్రభుత్వం నేటాల్‌కు కూలీలను పంపడం ఆపేసింది. మిగిలినవాళ్ళు అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు, గుళ్ళు కట్టుకున్నారు, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మన సంఘంలాంటిదే. తిరుగు టికెట్ చేజారినవాళ్ళ పిల్లలు పెట్టుకున్న సంఘం అది.

3. బొంబాయిలో పడిగాపులు

తూర్పు ఆఫ్రికాకు, అంటే ఇప్పుడు మనం వెళ్దామనుకుంటున్న కెన్యా వైపుకు, దారి వేరు. 1896 నుంచి 1901 దాకా మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వరకు బ్రిటిష్ వాళ్ళు రైలు మార్గం వేశారు. అందుకు ఇండియా నుంచి దాదాపు 32,000 మందిని తీసుకెళ్ళారు. ఎక్కువమంది పంజాబు వైపువాళ్ళు, కరాచీలో ఓడ ఎక్కారు. సుమారు 2,500 మంది అక్కడే చనిపోయారు. 1898లో త్సావో నది వంతెన దగ్గర రెండు సింహాలు కూలీలను ఎత్తుకెళ్ళి పని ఆపించిన కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సఫారీ పుస్తకాల్లో అది సింహాల కథ. కానీ ఆ రాత్రులు గుడారాల్లో పడుకున్నది మన దేశం కూలీలు.

ఆ రైలు పూర్తయ్యాక సఫారీ అనేది ధనవంతుల సరదా అయింది. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మొంబాసాలో దిగి అదే రైలెక్కి, ఇంజను ముందు కట్టిన బల్ల మీద కూర్చుని జంతువులను చూస్తూ వెళ్ళాడు. 'సఫారీ' అంటే స్వాహిలీ భాషలో ప్రయాణం, అంతే. అరబ్బీ 'సఫర్' నుంచి వచ్చిన మాట. హిందీ పాటల్లో మనం వినే సఫర్ కూడా అదే.

మద్రాసువాళ్ళకు ఈ దారిలో మొదటి మెలిక బొంబాయి. 1871లో రాయచూరు దగ్గర రెండు రైలు కంపెనీల పట్టాలు కలిశాక, మద్రాసు నుంచి కడప, గుంతకల్లు, ఆదోని మీదుగా బొంబాయికి రైల్లో పోవడం వీలైంది. అక్కడ బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ కోసం కాచుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం ఇదే దారి. 'కంపాలా', 'కరంజా' అనే ఓడలు బొంబాయి నుంచి సేషెల్స్ మీదుగా మొంబాసాకు, అక్కడి నుంచి ఇంకా దక్షిణానికి నడిచేవి. రైలుకూ ఓడకూ సంబంధం లేదు. రైలు ఆలస్యమై ఓడ వెళ్ళిపోతే అడిగే నాథుడు లేడు. తర్వాతి ఓడ దాకా బొంబాయిలో తెలిసినవాళ్ళ ఇంట్లోనో సత్రంలోనో పడి ఉండటమే.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. రెండు కంపెనీలు, రెండు టికెట్లు, మధ్యలో ఎవరి బాధ్యతా లేని ఊరు. వంద ఏళ్ళ తర్వాత విమానాల్లోనూ ఇదే సమస్య.

4. తపాలా సంచులు నేర్పిన కనెక్షన్

విమానంలో కనెక్షన్ అంటే ఏమిటో మద్రాసుకు తెలిసింది 1932 అక్టోబరులో. 15వ తేదీన జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా తెచ్చారు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ అనే పైలట్ బళ్ళారిలో ఆగి మద్రాసుకు తెచ్చాడు. కరాచీయే ఎందుకు? లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానం అక్కడికి వచ్చేది కాబట్టి. ఆ తపాలాను అందుకుని దక్షిణానికి తేవడమే టాటా సర్వీసు పని. ఒక విమానం వస్తేనే ఇంకొకటి కదలాలి. కనెక్షన్ అంటే అదే.

అదే ఇంపీరియల్ కంపెనీ 1931లో కైరో మీదుగా తూర్పు ఆఫ్రికాకు, 1932లో కేప్‌టౌన్ దాకా సర్వీసు నడిపింది. మ్యాపు ముందు పెట్టుకుంటే మద్రాసు ఉత్తరం నైరోబీకి గాల్లో పోవడానికి దారి ఏర్పడిందన్నమాట: మద్రాసు, బొంబాయి, కరాచీ, అక్కడి నుంచి పశ్చిమంగా కైరో, మళ్ళీ దక్షిణంగా ఆఫ్రికా. ముక్కు ఎక్కడంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు.

ఇంకొక సంగతి. 1932లో ఆ లండన్–కరాచీ దారి పర్షియా తీరం వదిలి అరబ్బు తీరానికి మారింది. ఆనాటి విమానం రాత్రిపూట దిగి ఆగాలి కాబట్టి, ప్రయాణికులు పడుకోవడానికి షార్జాలో కోటలాంటి విశ్రాంతి గృహం కట్టారు. చుట్టూ ఇసుక. గల్ఫ్ ఊళ్ళు ప్రపంచానికి 'మారే చోటు' అవడం అక్కడ మొదలైంది. ఈరోజు మనం షార్జాలోనో దుబాయ్‌లోనో దోహాలోనో దిగి ఇంకో విమానం వెతుక్కుంటున్నామంటే, ఆ అలవాటుకు తొంభై ఏళ్ళు దాటాయి.

5. 1950, 1977, 1993

1948లో లండన్‌కు ఎగిరిన ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్, 1950లో బొంబాయి నుంచి ఏడెన్ మీదుగా నైరోబీకి సర్వీసు మొదలుపెట్టింది. అవే సంవత్సరాల్లో ఆఫ్రికాలో జాతీయ వనాలు ఒక్కొక్కటే వచ్చాయి: 1946లో నైరోబీ, 1948లో త్సావో, 1951లో సెరెంగెటి. తుపాకీ పట్టుకుని వెళ్ళే సఫారీ పోయి కెమెరా పట్టుకుని వెళ్ళే సఫారీ రావడానికి విమానం పెద్ద కారణం. రెండు వారాల సెలవుల్లో వెళ్ళి రాగలిగితేనే కదా మామూలు మనిషి బయల్దేరేది!

1977ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ ఏడాది కెన్యా, టాంజానియా, ఉగాండా కలిసి నడుపుకున్న తూర్పు ఆఫ్రికా సమాఖ్య విడిపోయింది. మూడు దేశాల ఉమ్మడి విమాన కంపెనీ మూతపడింది, కెన్యా ఎయిర్‌వేస్ పుట్టింది. కెన్యా వేటను పూర్తిగా నిషేధించింది. టాంజానియా కెన్యాతో సరిహద్దు మూసేసింది. తర్వాత సరిహద్దు తెరుచుకుంది కానీ, మసాయి మారా నుంచి నేరుగా సెరెంగెటిలోకి పోయే దారి పర్యాటకులకు మళ్ళీ తెరవలేదు. మ్యాపులో రెండూ ఒకే అడవి. లక్షల జంతువులు ఏటా అటూ ఇటూ దాటుతాయి. మనుషులు మాత్రం చుట్టూ తిరిగి పోవాలి. 'మారా చూసి అటు నుంచటే సెరెంగెటికి పోదాం' అని మన గుంపులో ఎవరో అన్నారు. అటు నుంచటే కుదరదు, దానికి ఇంకో రెండు రోజులూ ఇంకో దేశం అనుమతీ లెక్కలో వేయాలి.

దక్షిణాఫ్రికా సంగతి ఇంకోలా నడిచింది. అక్కడి జాతివివక్షకు నిరసనగా ఇండియా 1946లోనే వ్యాపారం ఆపేసింది. మన పాత పాస్‌పోర్టులు ఇంట్లో ఉంటే తీసి చూడండి. అన్ని దేశాలకు చెల్లుతుంది, దక్షిణాఫ్రికాకు తప్ప అని ఉంటుంది. 1993లో సంబంధాలు మళ్ళీ మొదలయ్యేదాకా అదే పరిస్థితి. క్రూగర్ సఫారీ మాట అటుంచండి, డర్బన్‌లో బంధువు పెళ్ళికి వెళ్ళాలన్నా మామూలు దారి లేదు. విమానాలు చాలినన్ని ఉన్నా కనెక్షన్ లేకపోవడం అంటే అది.

6. ఇప్పుడు మన ముందున్న దారులు

ఈరోజు చెన్నై నుంచి తూర్పు ఆఫ్రికాకు ప్రధానంగా మూడు రకాల దారులు. ఒకటి గల్ఫ్ మీదుగా. రెండోది ముంబై వెళ్ళి అక్కడి నుంచి నేరుగా నైరోబీ. మూడోది ఆడిస్ అబాబా మీదుగా. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ 2022 జులైలో చెన్నైకి రావడం మొదలుపెట్టింది. మ్యాపులో చూస్తే చెన్నై–ఆడిస్–నైరోబీ కలిపి సుమారు 5,650 కిలోమీటర్లు, దుబాయ్ మీదుగా అయితే సుమారు 6,450. దూరం ఒక్కటే చూస్తే ఆడిస్ నయం. కానీ దూరంకన్నా మారే చోట ఏం జరుగుతుందన్నదే ముఖ్యం. సర్వీసులు, రోజులు మారుతూ ఉంటాయి కాబట్టి కొనే ముందు మళ్ళీ చూసుకుందాం. నేను చెప్పేది మారని సంగతులు.

మొదటిది, ఒకే బుకింగ్. చెన్నై నుంచి నైరోబీ దాకా ఒకే టికెట్ అయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత కంపెనీదే. సామాను నేరుగా నైరోబీకి పోతుంది. వేరువేరుగా కొన్న రెండు టికెట్లయితే, రెండో కంపెనీ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు, అంతే. పైగా సామాను మధ్యలో తీసుకుని మళ్ళీ ఇవ్వాల్సి వస్తే ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, అంటే వీసా కావాలి. మనకు తెలిసిన ఒక కుటుంబం సరిగ్గా ఇలాగే గల్ఫ్‌లో ఒక విమానాశ్రయంలో రాత్రంతా కూర్చుంది. చౌకగా కొన్నదానికి రెట్టింపు పెట్టి మళ్ళీ టికెట్ కొంది. 1950ల బొంబాయి సత్రానికీ దీనికీ తేడా ఏసీ ఒక్కటే.

రెండోది, నైరోబీలో మొదటి రాత్రి. పెద్ద విమానాలు దిగేది జోమో కెన్యాట్టా విమానాశ్రయంలో. మారాకు వెళ్ళే చిన్న విమానాలు చాలావరకు ఊళ్ళో ఇంకోచోట ఉన్న విల్సన్ విమానాశ్రయం నుంచి బయల్దేరతాయి. మధ్యలో నైరోబీ ట్రాఫిక్. ఎన్నూరు రోడ్డులో కంటైనర్ లారీల వరుస చూసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. అడవిలోని మట్టి రన్‌వేలకు దీపాలుండవు, అందుకని చిన్న విమానాలు పగలే ఎగురుతాయి. సాయంత్రం దిగి అదే రోజు మారా చేరదామనే ప్లాను పనికిరాదు. ఒక రాత్రి నైరోబీలో పడుకుని పొద్దున బయల్దేరాలి.

మూడోది, సామాను. పెద్ద విమానంలో ఇరవై మూడు కిలోలో ముప్పైయో ఒప్పుకోవచ్చు. చిన్న విమానంలో సాధారణంగా పదిహేను కిలోలే, చేతిసంచితో కలిపి, అదీ మెత్తటి బ్యాగులో. మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా చిన్న విమానం ఎంత మోస్తుందో అదే మన లెక్క. ఇంకో మాట: 2017 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం. కందిపొడి, ఆవకాయ స్టీలు డబ్బాల్లో పెట్టండి.

నాలుగోది, నెల. మన పిల్లలకు పెద్ద సెలవులు ఏప్రిల్ చివర, మేలో. మారాలో అవి భారీ వానల రోజులు. జంతువుల గుంపులు సెరెంగెటి నుంచి మారాకు వచ్చి ఉండేది సుమారుగా జులై నుంచి అక్టోబరు దాకా. కాబట్టి సెప్టెంబరు చివరి త్రైమాసిక సెలవులే మనకు అనుకూలం.

ఐదోది, గడియారం. కెన్యా సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అదొక్కటే కాదు. స్వాహిలీలోనూ ఇథియోపియాలోనూ గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. పొద్దున ఏడు అంటే వాళ్ళకు ఒంటి గంట. మన పాత ఘడియల లెక్కలాగే. టికెట్ మీద మామూలు సమయమే ఉంటుంది కానీ, నోటి మాట మీద కుదుర్చుకున్న డ్రైవరుతో రెండుసార్లు అడిగి ఖాయం చేసుకోండి.

7. తిరిగొచ్చేటప్పుడు చూసే పచ్చ కాగితం

నేను ఎక్కువ భయపడేది తిరుగు ప్రయాణం గురించే. కెన్యా, ఉగాండా, ఇథియోపియా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలుగా ఇండియా జాబితాలో ఉన్నాయి. ఆ జ్వరాన్ని మోసే జాతి దోమ మన ఇళ్ళలోనే ఉంది, డెంగీ తెచ్చేది అదే. ఆ వైరస్ మాత్రం మన దేశంలో లేదు. ఒక్కసారి అడుగుపెడితే ఆపడం కష్టమని మనవాళ్ళు ఇంత గట్టిగా ఉంటారు. టీకా వేసుకున్నట్టు పత్రం లేకుండా ఆ దేశాల నుంచి వచ్చినవాళ్ళను ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్యాధికారికి ఉంది. వెళ్ళేటప్పుడు ఎవరూ అడగలేదని ఊరుకుంటే వచ్చేటప్పుడు మీనంబాకంలో ఆగిపోతారు.

టీకా వేసిన పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది. 2016 నుంచి ఒకసారి వేసుకుంటే జీవితకాలం చెల్లుతుంది. మనకు గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, రేవు దగ్గరి పోర్ట్ హెల్త్ ఆఫీసులోనూ వేస్తారు. ముందుగా రోజు ఖాయం చేసుకోవాలి. అరవై దాటినవాళ్ళు మాత్రం ముందు తమ డాక్టరును కలవాలి. ఆ వయసులో ఈ టీకాకు అరుదుగా తీవ్రమైన దుష్ప్రభావాలు రావచ్చు. మన ఏడుగురు పెద్దలకు ఇదే మొదటి మెట్టు. డాక్టరు వద్దంటే ఆ మాట టికెట్ కొనకముందే తెలియాలి, కొన్నాక కాదు.

కెన్యాకు 2024 నుంచి వీసా బదులు ముందుగా ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి. పిల్లలకు కూడా విడిగా కావాలి.

8. ఆదివారం నేను పెట్టే ప్రతిపాదన

ఒకటి: పద్దెనిమిది మందికీ ఒకే కంపెనీ, ఒకే బుకింగ్, రానూపోనూ. మారే చోట కనీసం మూడు గంటలు. చక్రాల కుర్చీ కావలసిన పెద్దలకు కొనేటప్పుడే రాయించాలి.

రెండు: ముందు డాక్టరు, తర్వాత టీకా, ఆ తర్వాతే టికెట్.

మూడు: వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నైరోబీలో ఒక్కో రాత్రి. తిరుగు రోజున పొద్దున అడవిలో ఉండి సాయంత్రం పెద్ద విమానం పట్టుకునే సాహసం వద్దు. వాన పడితే చిన్న విమానం ఆగుతుంది, పెద్ద విమానం మనకోసం ఆగదు.

నాలుగు: చెన్నైలో కూడా కలిసే బయల్దేరాలి. తేరడి నుంచి విమానాశ్రయానికి ఇప్పుడు మెట్రోలో ఎక్కడా మారకుండా పోవచ్చు, మన పెద్దలు ఊహించని సుఖం అది. కానీ అర్ధరాత్రి దాటాక మెట్రో ఉండదు. తెల్లవారుజాము విమానమైతే ముందురోజు రాత్రే చివరి బండికి ముందు బయల్దేరాలి, లేదా వ్యాను మాట్లాడుకోవాలి.

ఇలా చేస్తే తలకు కొన్ని వేలు ఎక్కువవుతాయి, కాదనను. ఆ తేడా భరించలేనివాళ్ళు ఉంటే సంకోచపడకుండా నాకు విడిగా చెప్పండి, పండగ నిధిలో సర్దుబాటుకు వీలుందేమో కమిటీని అడుగుదాం. డబ్బు తేడా వల్ల ఒక్కరు కూడా వేరే దారిలో ఒంటరిగా రావద్దు. 'ట్రూరో'లో వెళ్ళినవాళ్ళకు ఎవరితో పోవాలి, ఎప్పుడు తిరగాలి అన్నది వాళ్ళ చేతిలో లేదు. మనకు ఉంది.

చివరగా ఒక కోరిక. మీ ఇంట్లో తాతలు, ముత్తాతలు డర్బన్‌కో మారిషస్‌కో మొంబాసాకో వెళ్ళినట్టు మాట ఉంటే, పాత పాస్‌పోర్టో ఓడ టికెట్టో ఉత్తరమో ఉంటే ఆదివారం తీసుకురండి. ఊరి పేరు, తండ్రి పేరు రెండూ తెలిస్తే ఓడల జాబితాల్లో వెతకడానికి నేను కూర్చుంటాను. సమావేశం మామూలు వేళకే, సాయంత్రం ఐదున్నరకు. మన లెక్కలో ఐదున్నర, స్వాహిలీ లెక్కలో కాదు.